టు-లెట్ బోర్డు పెట్టే ఓనర్లకు, అసోసియేషన్ పెద్దలకు

హైదరాబాద్‌లోని అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, ఫ్లాట్లు అద్దెకిచ్చే ఓనర్లకు నమస్కారం.

లేని గొంతులు వినిపించి, లేనిపోని భ్రమలు కలిగించే మానసిక జబ్బు స్కిజోఫ్రెనియా. ఈ ఊళ్లో దానికి డాక్టరు దొరుకుతాడు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రైవేటు క్లినిక్కులకు కొదవ లేదు. మందులు సందు చివరి మెడికల్ షాపులో లేకపోతే మర్నాటికి తెప్పించి ఇస్తారు. దొరకనిది అద్దె ఇల్లు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ప్రభుత్వాన్ని అడగాల్సినవి, డాక్టర్లను అడగాల్సినవి వేరే చాలా ఉన్నాయి. కానీ తీవ్రమైన మానసిక జబ్బున్న మనిషి ఈ నగరంలో నలుగురిలో ఒకడిగా బతకగలడా లేదా అన్నది చివరికి తేలేది మీ సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పెట్టే ఆదివారం మీటింగులోనే.

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. ఇరవై రెండేళ్లప్పుడు, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటుండగా బయటపడింది. ఎక్కువమందికి ఈ జబ్బు మొదలయ్యేది ఆ ఈడులోనే, పదిహేడు పద్దెనిమిది నుంచి ముప్పై లోపు. అంటే అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్ హాస్టళ్ల గదుల్లో నలుగురేసి సర్దుకుని ఉంటున్న పిల్లల ఈడు. హాస్టల్ నుంచి మాకు వచ్చిన ఫోన్‌లో "పిల్లాడికి బాగాలేదు" అన్న ముక్క లేదు. "సాయంత్రంలోపు సామాన్లు తీసుకెళ్లండి" అన్నారు, అంతే. వాడికి ఏమైందో మాకు అర్థమయ్యేసరికి ఇంకొన్ని నెలలు పట్టింది.

ఇప్పుడు మందుల మీద నిలకడగా ఉన్నాడు. నెలకోసారి ఇంజెక్షన్ చేయించుకుంటాడు, రాత్రి మాత్రలు వేసుకుంటాడు, పొద్దున ఒక ప్రెస్‌లో డీటీపీ పనికి వెళ్తాడు. పెళ్లి పత్రికల సీజన్‌లో నాకన్నా బిజీ. నాతోనూ మా ఆయనతోనూ కలిసే ఉంటాడు.

ఇంతకుముందు ఉన్న అపార్ట్‌మెంట్‌లో మాకు మూడేళ్లు ఎవరితోనూ గొడవ లేదు. ఒకరోజు ఆన్‌లైన్‌లో తెప్పించిన మందుల పార్శిల్ వాచ్‌మన్ దగ్గర ఉండిపోయింది. కవరు చిరిగి ఉందట. ఎవరో మాత్రల పేరు చూశారు, గూగుల్‌లో కొట్టారు. రాత్రికల్లా గ్రూపులో మెసేజ్: ఫలానా ఫ్లాట్‌లో మెంటల్ పేషెంట్ ఉన్నాడట, పిల్లల సేఫ్టీ సంగతేంటి? కింద చేతులు జోడించిన బొమ్మలు, కోపం బొమ్మలు. ఆ గ్రూపులో నేనూ ఉన్నానన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, లేదా గుర్తున్నా లెక్క చేయలేదు.

ఆదివారం ఓనర్ వచ్చాడు. "నాకేం ప్రాబ్లం లేదమ్మా, అసోసియేషన్ వాళ్లే టెన్షన్ పడుతున్నారు" అన్నాడు. అసోసియేషన్ సెక్రటరీని అడిగితే "మాకేం లేదండీ, అద్దెకు ఉంచుకోవడం ఓనర్ ఇష్టం" అన్నాడు. ఇద్దరికీ ఏ ప్రాబ్లమూ లేదు, మేం మాత్రం నెలాఖరుకు ఖాళీ చేశాం. వెళ్లేటప్పుడు ఓనర్ అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇచ్చేశాడు, పెయింటింగ్ ఖర్చు కూడా పట్టుకోలేదు. హైదరాబాద్‌లో అద్దెకుండే వాళ్లకు తెలుస్తుంది, మేం పోవడం ఆయనకు ఎంత అవసరమైందో.

మీరు భయపడేది దేనికో నాకు తెలుసు. ఆ గ్రూపులో, ఆ తర్వాత ఇళ్లు వెతుకుతున్నప్పుడు మొహం మీదే, అన్నీ విన్నాను. "పొద్దున్నే టెర్రస్ మీద అటూ ఇటూ తిరుగుతుంటాడు." "చూపు ఒక రకంగా ఉంటుంది, నవ్వడు." "చేతులు వణుకుతుంటాయి." "మగాడై ఉండి తొమ్మిదింటి దాకా పడుకుంటాడు." ఈ నాలుగింటి గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇవన్నీ జబ్బు లక్షణాలే కానక్కర్లేదు. మందుల వల్ల కూడా వస్తాయి.

స్కిజోఫ్రెనియాకు వాడే కొన్ని మందులు వేసుకుంటే కాళ్లు నిలవవు. కూర్చుంటే లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది, లేచి నడిస్తే తప్ప కుదురు చిక్కదు. డాక్టర్లు దీన్ని అకథీజియా అంటారు. మోతాదు తగ్గించో, మందు మార్చో, ఇంకో మాత్ర కలిపో సర్దుతారు. అది సర్దుకునే లోపు ఆ మనిషి మీ టెర్రస్ మీద తిరుగుతాడు. ముఖంలో కండరాలు బిగుసుకుని భావం పలక్కపోవడం కూడా కొన్ని మందుల ప్రభావం కావచ్చు; లోపల నవ్వొస్తున్నా పెదవుల దాకా రాదు. చేతుల వణుకూ మందుల వల్ల రావచ్చు. అతి ఉత్సాహం, అతి దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు వాడే లిథియం తీసుకుంటే చేతులు వణుకుతాయి, దాహం వేస్తుంది, ఎండాకాలం నీళ్లు సరిగ్గా తాగకపోతే రక్తంలో మందు ప్రమాదకరంగా పెరిగిపోతుంది, అందుకని మధ్య మధ్యలో రక్త పరీక్షలు చేయించాలి. స్కిజోఫ్రెనియా మందుల్లో ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటివి వేసుకుంటే ఒళ్లు వస్తుంది, షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది, పొద్దున మత్తు వదలదు. క్లోజపిన్ మొదలుపెడితే మొదటి నెలల్లో వారం వారం రక్తం ఇచ్చి రావాలి. వేరే మందులు రెండు వాడి చూసినా ఫలితం లేనివాళ్లకు ఇచ్చే మందు అది.

ఇంకో సంగతి. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా చిన్న వయసులో చనిపోయే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. దానికి ఎక్కువగా కారణమయ్యేవి గుండె జబ్బులు, షుగర్ లాంటి ఒంటి జబ్బులే. అందుకే మా డాక్టరు వాడిని రోజూ నడవమంటారు. అలా నడుస్తున్నాడనే మీవాళ్లు ఫిర్యాదు రాశారు. పద్ధతిగా మందులు వేసుకుంటున్న మనిషిని చూసి భయపడుతున్నారు మీరు. మందులు మానేసిన కొత్తలో అవే చేతులు వణకవు, ముఖం విప్పారుతుంది, చురుగ్గా కనిపిస్తాడు. అప్పుడు "ఇప్పుడు బాగున్నాడే" అంటారు. మేం భయపడేది అప్పుడు.

ఇక హింస సంగతి. "టీవీలో చూడట్లేదా" అంటారు. హత్య జరగ్గానే నేరస్తుడికి "సైకో" అని పేరు పెట్టే టీవీలు అవి, డాక్టరు చూడకముందే. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యెత్తరు. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనాల్లో సమాజంలోని మొత్తం హింసలో ఈ జబ్బులకు ఆపాదించగలిగింది నూటికి 3 నుంచి 5 వంతులే అని తేలింది. దెబ్బలు తినడం, డబ్బు పోగొట్టుకోవడం, ఆడవాళ్లయితే అంతకన్నా ఘోరమైనవి, వీళ్లకే ఎక్కువ జరుగుతాయి. ప్రమాదం బొత్తిగా లేదని నేను అనను. చికిత్స లేనప్పుడు, దానికి మద్యమో గంజాయో తోడైనప్పుడు పెరుగుతుంది. చికిత్స లేకుండా చేసేది ఎవరన్నదే నా గొడవ.

అది కూడా చెప్తాను. మా ఇంట్లో చాలాకాలం మాత్రలు స్ట్రిప్పులోంచి విప్పి పాత విటమిన్ డబ్బాలో పోసుకునేవాళ్లం, చుట్టాలొస్తే కనబడకూడదని. ఎర్రగడ్డలో మంచి డాక్టర్లున్నారని తెలిసినా ఆ గేటు ముందు ఎవరైనా చూస్తారేమోనని వెళ్లని కుటుంబాలు నాకు తెలుసు. ఆ పేరు చెప్పి జోకు వేయని ఆఫీసు, కాలేజీ క్యాంటీను ఈ ఊళ్లో ఉందా? (మెట్రోలో "ఎర్రగడ్డ స్టేషన్" అని వినపడగానే పక్కవాడిని మోచేత్తో పొడిచే కుర్రాళ్లను మీరూ చూసే ఉంటారు.) వెళ్తే తెలుస్తుంది, తెలిస్తే ఇల్లు పోతుంది, చెల్లెలికి సంబంధం తప్పిపోతుంది. అందుకని ముందు యాదగిరిగుట్టలో మండలం పాటు ప్రదక్షిణలు, తర్వాత ఏదో దర్గాలో తాయెత్తు, తర్వాత ఎవరో చెప్పిన పసరు. మొక్కుకోవడాన్ని నేను తప్పు పట్టను, మేమూ మొక్కాం. కానీ జబ్బు మొదలయ్యాక చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. ఆ నెలలన్నీ గుట్టుగా గడిచిపోతాయి. ఆ తర్వాత ఒక రాత్రి కేకలు మీ కారిడార్‌లోకి వస్తాయి, "ముందే చెప్పాల్సింది" అని మీరే అంటారు. ఎలా చెప్తాం?

బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, అయినా ఆ లెక్క పనికొస్తుంది. పెద్దవాళ్లలో నూటికి 1.9 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన మానసిక జబ్బు వచ్చింది. సైకోసిస్ (స్కిజోఫ్రెనియాలోలా భ్రమలు, లేని గొంతులు వినపడటం) ఉన్నవాళ్లలో ఇంచుమించు నలుగురిలో ముగ్గురు చికిత్సలో లేరు. మీ అపార్ట్‌మెంట్‌లో రెండొందల మంది పెద్దవాళ్లుంటే, ఆ లెక్కన ముగ్గురో నలుగురో ఇప్పటికే ఉన్నారు. వాళ్లు ఓనర్లే కావచ్చు. పోయినసారి గణపతి మండపం దగ్గర లడ్డూ వేలం పాడింది వాళ్లలో ఒకరు కావచ్చు. వాళ్లెవరో మీకు తెలియదు, ఎందుకంటే మా పార్శిల్ కవరు చిరిగినట్టు వాళ్లది చిరగలేదు.

"షుగర్ లాంటి జబ్బేనండీ ఇది కూడా" అని చెప్పి ఒప్పించే పద్ధతి ఒకటుంది. నాకది నచ్చదు. షుగర్ ఉన్నవాడు అర్ధరాత్రి లేచి, పక్కింటివాళ్లు గోడలో మైకు పెట్టారని తలుపు బాదడు. మా తమ్ముడు ఒకసారి బాదాడు. అవతలివాళ్లు భయపడ్డారు, నిద్ర పాడైంది, వాళ్ల ఇంట్లో చిన్నపాప ఏడ్చింది. అది నిజం, వాళ్ల కోపం న్యాయమే. అలాంటి రాత్రుల గురించి మాట్లాడకుండా "వివక్ష వద్దు" అని పోస్టర్లు అంటిస్తే మీరు నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

కానీ ఒక మాట అడుగుతాను. మీ అపార్ట్‌మెంట్‌లో తాగొచ్చి లిఫ్టులో వాంతి చేసేవాళ్లు లేరా? పార్కింగ్ గొడవలో వాచ్‌మన్‌ను చెంపదెబ్బ కొట్టిన ఫ్లాట్ ఓనర్ లేడా? వాళ్ల విషయంలో ఏం చేస్తారు? పిలిచి మాట్లాడతారు, ఫైన్ వేస్తారు, "వాళ్లావిడ మొహం చూసి" వదిలేస్తారు. మనిషిని కాక చేసిన పనిని చూస్తారు. మేం అడిగేది ఆ మర్యాదే, అంతకన్నా ఒక్క మెట్టు కూడా ఎక్కువ కాదు. మా తమ్ముడు తలుపు బాదితే ఫిర్యాదు చేయండి, నన్ను పిలవండి, తలుపు పాడైతే డబ్బు కట్టించుకోండి. వాడి మాత్రల పేరు చూసి ఖాళీ చేయించకండి.

ఆ తలుపు బాదిన రాత్రి జరిగింది ఇప్పుడున్న ఇంట్లోనే. ఇక్కడి సెక్రటరీ ఆర్టీసీలో రిటైరైన పెద్దాయన. పైకి వచ్చి ముందు చేసిన పని, సెల్‌ఫోన్లు ఎత్తినవాళ్లందరినీ "లోపలికి పొండి" అని పంపేయడం. తర్వాత కారిడార్‌లో లైటు వేసి, దూరంగా మెట్ల మీద కూర్చున్నాడు. "ఏం బాబూ, నిద్ర పట్టట్లేదా?" అని మామూలు గొంతుతో అడిగాడు. గోడలో మైకు లేదని వాదించలేదు, ఉందని ఒప్పుకోనూ లేదు. "నీకు భయంగా ఉన్నట్టుంది, అక్క వస్తోంది కదా" అన్నాడు. నన్ను చూసి "డాక్టరు నంబరు ఉందామ్మా?" అన్నాడు. అంతే. డాక్టరుకు ఫోన్ చేశాం, తెల్లవారాక తీసుకెళ్లాం, మందు మోతాదు మార్చారు. మర్నాడు పక్కింటికి నేను వెళ్లి మాట్లాడాను. వారం తర్వాత తమ్ముడు లిఫ్టులో ఎదురైతే పెద్దాయన "నీళ్ల మోటారు నోటీసు టైప్ చేసిపెడతావా?" అని అడిగాడట. వాడు ఇంటికొచ్చి ముందు నాకు చెప్పిన సంగతి అదే.

ఆయన ఏ ట్రైనింగూ తీసుకోలేదు. అయినా డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు ఇదే: గుంపును తగ్గించాలి, గొంతు తగ్గించాలి, దారికి అడ్డంగా నిలబడకూడదు, భ్రమల గురించి వాదన పెట్టుకోకూడదు, కట్టేయకూడదు, ఇంట్లోవాళ్లను పిలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ నోటీసు బోర్డు మీద లిఫ్టు మెకానిక్, ప్లంబర్ నంబర్ల పక్కన అది కూడా రాయండి. ప్రాణాల మీదికి వచ్చేలా ఉంటే 108 ఉండనే ఉంది. పోలీసులను పిలవాల్సి వస్తే పిలవండి, కాకపోతే మానసిక జబ్బుందని తమ రక్షణలోకి తీసుకున్న మనిషిని లాకప్‌లో పెట్టకూడదని చట్టం చెబుతోందని మీకూ తెలిసి ఉండాలి.

ఆ చట్టం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బున్న ప్రతి మనిషికీ సమాజంలో కలిసి బతికే హక్కుంది. ఇంట్లోవాళ్లు రానివ్వలేదనో, ఉండటానికి చోటు లేదనో ఆసుపత్రిలోనే ఉంచేయడానికి వీల్లేదు. ఈ జబ్బుల మీదున్న చిన్నచూపును తగ్గించే కార్యక్రమాలు నడపాల్సిన బాధ్యతను 30వ సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టింది. మీ మీద పెట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ సమాజం అన్నది ఎక్కడుంటుంది? ఎ బ్లాకులో, బి బ్లాకులో. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక జబ్బు కూడా ఒకటి. వైకల్యం ఉన్న మనిషిని పదిమందిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చని ఆ చట్టం 92వ సెక్షన్‌లో ఉంది. గ్రూపుల్లో వీడియోలు ఫార్వర్డ్ చేసే ముందు మీ అపార్ట్‌మెంట్‌లో ఉన్న లాయర్‌ను ఒకసారి అడగండి.

చోటివ్వకపోతే వీళ్లు ఎక్కడికి పోతారో దేశం ఒకసారి చూసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పరుగెత్తలేకపోయారు. దర్గా దగ్గర నయమవుతుందని ఇంట్లోవాళ్లు వదిలి వెళ్లిన మనుషులు వాళ్లు. అదే రాష్ట్రంలో, చెన్నైలోని ద బ్యాన్యన్ అనే సంస్థ ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయిన ఆడవాళ్ల కోసం మామూలు వీధుల్లో మామూలు ఇళ్లు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురు కలిసి ఉండే ఏర్పాటు చేసింది. వండుకుంటారు, బజారుకెళ్తారు. దానికి ముందు ఎవరో ఒక ఓనర్ సరే అనాలి కదా. హైదరాబాద్‌లో ఎవరైనా ఆ పని మొదలుపెట్టాలనుకుంటే మొదట వచ్చేది మీ దగ్గరికే.

స్కిజోఫ్రెనియా వచ్చినవాళ్లలో కనీసం ముగ్గురిలో ఒకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగతావాళ్లలో చాలామంది మా తమ్ముడిలా ఒడిదుడుకులతో, మందులతో, పనితో నెట్టుకొస్తారు. వాడు ఆ పూర్తిగా కోలుకునేవాళ్లలో ఒకడో కాదో నాకు తెలియదు. ఎటైనా వాడికి ఇల్లు కావాలి.

వచ్చే జనరల్ బాడీ మీటింగులో మెయింటెనెన్స్ పెంపు, ట్యాంకర్ల ఖర్చు, జనరేటర్ ఏఎంసీ అన్నీ అయ్యాకే సరే, ఒక్క తీర్మానం చర్చకు పెట్టండి. మాటలు నేనే రాసిస్తున్నాను, మార్చుకోవాలంటే మార్చుకోండి:

"మానసిక జబ్బు ఉందన్న కారణంతో మన అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ ఇల్లు నిరాకరించకూడదని, ఎవరినీ ఖాళీ చేయించకూడదని తీర్మానిస్తున్నాం. ప్రవర్తన మీద ఫిర్యాదు వస్తే అందరికీ ఉన్న నియమమే వర్తిస్తుంది. ఎవరి జబ్బు గురించీ, ఎవరి మందుల గురించీ గ్రూపులో రాయకూడదు. ఎవరికైనా బాగాలేనప్పుడు వీడియో తీయకూడదు."

చేతులెత్తించి ఓటు పెట్టండి. ఒప్పుకోనివాళ్లుంటే వాళ్ల అభ్యంతరాన్ని ఫ్లాట్ నంబరుతో సహా మినిట్స్‌లో రాయించండి. ఆ పుస్తకాన్ని కొత్తగా అద్దెకు వచ్చేవాళ్లు అడిగితే చూపించండి, ఏ ఇంటికి అడ్వాన్స్ ఇవ్వాలో మేమే తేల్చుకుంటాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో అద్దెకుంటున్న ఒక అక్క